బండి వెనక రెండు నిమిషాలు

నీగతా
అక్టోబరు 18

ఎంతో ఆప్తులైన హొమ్మా గారికి,

అన్నిటికన్నా ముందు ఒక మాట. నాకు మీ మీద కోపం లేదు. ఈ నెలలో మీరు నాలుగుసార్లు ఫోన్ చేశారు. నాలుగుసార్లూ ఎత్తాను, ఒక్క ముక్క మాట్లాడకుండా పెట్టేశాను. మూడోసారి మీరు "హిసానో, ఏమైనా తప్పు చేశానా?" అని అడిగి, అటు తోటలో గాలి చప్పుడుతో సహా చాలాసేపు నిలబడ్డారు. తప్పేం లేదండీ. నాకు గొంతు లేదు. పంతొమ్మిదేళ్ళు మీ బస్సులో మైకు పట్టుకుని, వాగుడుకాయ గైడు అని డిపో అంతా పేరు తెచ్చుకున్న మనిషిని, ఇప్పుడు నోరు తెరిస్తే నూనె లేని తలుపులా కీచుమంటున్నాను. పోనీ మెసేజ్ పెడదామా అంటే, మీ మడత ఫోన్‌లో అక్షరాలు మీరు చూసుకునేసరికి కొత్త సంవత్సరం వస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

గొంతు పోవడం జబ్బు కాదు, మందు. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది. అక్కడొక మొండి పురుగు కాపురం పెట్టింది. క్షయకి దాయాది అట, కానీ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు కాబట్టి మీరు ఉత్తరాన్ని నిశ్చింతగా పట్టుకోవచ్చు. మట్టిలోనూ, స్నానాల గదిలోనూ, నీళ్ళ గొట్టాల్లోనూ ఉంటుందట. సన్నగా ఉండే నడివయసు ఆడవాళ్ళంటే దానికి మహా ఇష్టమని మా డాక్టరమ్మ ఒబాతా గారు చెప్పారు. పోనీలెండి, ఇన్నాళ్ళకి నన్ను కోరి వచ్చినవాళ్ళు ఒకరు దొరికారన్నాను. ఆవిడ నవ్వలేదు. అదీ వారం పదిరోజుల వ్యవహారం కాదట. మాత్రలతో రెండేళ్ళు గడిచినా పోలేదు. అందుకని ఈ వేసవి నుంచి మందుని పొగమంచులా చేసి పీల్చుకునే మిషను ఇచ్చారు. ఆ మంచే నా గొంతు మింగేసింది.

అయ్యో పాపం అనుకోకండి. నేను మంచం మీద లేను. పొద్దున్నే లేచి, దిండు మీద పక్కకి వాలి, ఒక పీకలాంటి దాంట్లోకి ఊదుతాను. అది ఛాతీనంతా గడగడలాడిస్తే కఫం ఊడి వస్తుంది. తర్వాత పావుగంట మంచు పీలుస్తాను. మిషను ముక్కలన్నీ కడిగి, మరిగించి, ఆరబెడతాను. నాలుగు రకాల మాత్రలు మింగుతాను. వాటిలో ఎర్రది వేసుకుంటే ఒంట్లోంచి వచ్చే ప్రతి బొట్టూ కమలాపండు రంగే, కన్నీళ్ళతో సహా. అందుకని ముదురు నీలం రుమాళ్ళు కొనుక్కున్నాను. స్నానాల గది కిటికీ చలికాలమైనా తెరిచే ఉంచుతాను. కుండీల్లో మట్టి మార్చాలంటే ముఖానికి మాస్కు కట్టుకుని యుద్ధానికి వెళ్ళినట్టు వెళతాను. వారానికి మూడుసార్లు కకుదా కొండ ఎక్కుతాను. డెబ్భై దాటిన ముసలమ్మలు నన్ను దాటుకుని పోతూ "ఏమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని అడిగి మరీ పోతారు. అయినా ఎక్కుతాను. డాక్టరమ్మ నడవమన్నారు, తినమన్నారు, నలభై కిలోలు దాటమన్నారు. ముప్ఫైతొమ్మిదిన్నర దగ్గర బేరం నడుస్తోంది.

బస్సు ఎక్కనివ్వడం లేదు గానీ, కంపెనీ వాళ్ళు నన్ను డిపోలోనే ఉంచారు. కొత్త గైడులకి పలక మీద రాసి పాఠాలు చెబుతాను. వాళ్ళలో ఫుయుకా అని ఒక పిల్ల ఉంది. బండి వెనక్కి తెచ్చేటప్పుడు ఆ పిల్ల ఈల ఊదితే ఎక్కడో నీళ్ళు మరిగినట్టుంటుంది. డ్రైవర్లు పొయ్యి ఆర్పమని వేళాకోళం చేస్తారు.

ఈ మంచు మందు చెవుల్ని కూడా దెబ్బతీయవచ్చట. నెలనెలా చెవి పరీక్ష చేస్తున్నారు. ఇప్పటికైతే బాగానే ఉన్నాయి.

మీ పండ్ల పెట్టె అందింది. "వగరు పోవాలి, ఇరవై మూడున తెరువు" అని పెద్ద అక్షరాలతో రాశారు. ఆగలేక ఇవాళే తెరిచి ఒకటి కొరికాను. నోరు ఇంకా విప్పలేకపోతున్నాను. ఎటూ మాట్లాడలేను కదా, నష్టం లేదు.

మీకు చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. దాని కోసమే కలం పట్టుకున్నాను గానీ ఇవాళ రాయలేను.

మీ పక్క సీటు మనిషి,
హిసానో

*

అక్టోబరు 30

హొమ్మా గారూ,

మీ కార్డు అందింది. మీరు మాటలే కాదు, అక్షరాలు కూడా పొదుపు. "తేదీ ఊరికే వెయ్యలేదు. బాగా తిను. చెవులు జాగ్రత్త. నా చెవుల గతి నీకు పట్టకూడదు." అంతే. ఆ ఆఖరి వాక్యం చదివి, కార్డు బోర్లా పెట్టి, వంటగదిలోకి వెళ్ళి ఊరికే కుళాయి తిప్పి కట్టేశాను. మళ్ళీ వచ్చి చదివాను. అదే ఉంది.

ఇక రాయక తప్పదు. మీ చెవులకి ఏమీ కాలేదండీ. ఆ రోజు ఆగమనే ఈల నేను ఊదలేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మీరే అనేవారు. ఈ ఒక్క గింజ మూడేళ్ళు నానింది. మొదటినుంచీ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అప్పటికి నాకు దగ్గు మొదలై ఏడాది. ఆ రోజులు గుర్తున్నాయి కదా. కరోనా తగ్గీ తగ్గనట్టుండేది, బస్సులో ఎవరైనా దగ్గితే ముందు సీటు నుంచి వెనక సీటు దాకా నలభై తలలు తిరిగేవి. గైడే దగ్గితే ఇంకేమైనా ఉందా? నేను బుగ్గలో చప్పరింత బిళ్ళలు పెట్టుకుని, మైకు కట్టేసి మింగి, మైకు పెట్టి నవ్వి, ఎలాగో లాక్కొచ్చేదాన్ని. నేను హాయిగా దగ్గుకోగలిగే చోటు ఒక్కటే ఉండేది. బండి వెనక. మీరు వెనక్కి తెచ్చేటప్పుడు నేను దిగి వెనక నిలబడే ఆ రెండు నిమిషాలు. ఇంజను మోతలో ఎవరికీ వినపడదు. రెండు ఈలల మధ్య ఒక దగ్గు. రోజంతా ఆ రెండు నిమిషాల కోసం ఎదురు చూసేదాన్ని.

ఆ కొండమీది సేమ్యా దుకాణం దగ్గర కూడా అలాగే దిగాను. మీరు వెనక్కి వస్తున్నారు. రండి రండి అని రెండు రెండుగా ఊదుతున్నాను. దగ్గు వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే అనుకున్నాను. అది ఆగలేదు. వంగిపోయాను. రుమాలులో రక్తం కనిపించింది, మొదటిసారి. దాన్ని చూస్తూ ఉండిపోయాను. తలెత్తేసరికి మీ బండి నన్ను దాటి వెళ్ళి దుకాణం చూరుని కొట్టేసింది. వెనక అద్దం మొత్తం పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దుకాణం ముసలాయన జల్లెడ చేతిలో పట్టుకుని బయటికొచ్చి, ముందు బండిని చూసి, తర్వాత ఆకాశాన్ని చూశాడు.

భద్రతా విభాగం గదిలో నన్ను అడిగారు. "ఆగమని ఈల వేశారా?" నేను, "వేశాను. పొడుగ్గా వేశాను," అన్నాను. తడుముకోకుండా అన్నాను. అది నాకే ఇప్పటికీ ఆశ్చర్యం. తర్వాత మిమ్మల్ని లోపలికి పిలిచారు. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఆ గది గోడ ఎంత పలచనో మీకు తెలుసు. మీరు అన్న మాట నాకు వినపడింది. "ఆ ఈల నాకు వినపడలేదు. చెవులు మందగించినట్టున్నాయి. తప్పు నాది." ఇరవైఏడేళ్ళలో బండికి గీత పడనివ్వని మనిషి. మూడు వారాల తర్వాత టోపీ బల్ల మీద పెట్టి దీవికి వెళ్ళిపోయారు. నేను రేవుకి వచ్చి, తెల్ల చేతి తొడుగులు వేసుకుని, కుడివైపు చూడండి, ఎడమవైపు చూడండి అని నాటకమాడి మిమ్మల్ని నవ్వించాను. మీరు నవ్వారు కూడా. పడవ మలుపు తిరిగాక అక్కడే చతికిలబడ్డాను.

ఎందుకు అబద్ధమాడానో కూడా రాసేస్తాను. దగ్గు సంగతి బయటపడితే నన్ను బస్సు దించేస్తారు. మీ పక్కన ఉండే ఆ మడత సీటు పోతుంది. ఆ సంవత్సరం, సరిగ్గా కంపెనీలో కొత్త టోపీలు ఇచ్చిన రోజున, మీరు ముందు అద్దంలోకి చూస్తూ, "మా దీవిలో కొండ చివర ఇల్లు ఒకటి ఖాళీగా ఉంది. ఇద్దరికి సరిపోతుంది," అన్నారు. నేను జవాబు చెప్పకుండా ఏదో పాట ఎత్తుకున్నాను. మీ ఆవిడ ఊపిరి ఆడక పోయిందని నాకు తెలుసు. మళ్ళీ ఇంకో దగ్గే మనిషిని మీ ఇంటికి తోలడం నా వల్ల కాలేదు. ఇల్లు వద్దు, సీటు చాలు అనుకున్నాను. చివరికి మీ పక్క సీటు కోసం మిమ్మల్నే బండి దించేశాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటారా? చెవి పరీక్ష గదిలో కూర్చోబెడతారు. అద్దాల పెట్టెలాంటి గది. చెవులకి తొడుగులు పెట్టి చేతికి మీట ఇస్తారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. మొన్న ఆ పరీక్ష చేసే ఆవిడ తలుపు తీసి, "అమ్మా, నేను చప్పుడు పంపనప్పుడు కూడా నొక్కుతున్నారు," అంది. వినపడలేదంటే చెవులు పోయాయంటారేమో, మందు ఆపేస్తారేమో అని భయంతో వినపడుతున్నట్టే ఉంటుంది. ఆ తొడుగులు పెట్టుకుని అలా కూర్చున్నప్పుడు, మీరు ఈ మూడేళ్ళూ మీ చెవుల్ని ఎంత అనుమానించుకుని ఉంటారో తెలిసొచ్చింది.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈల ఆగితే బండి ఆగాలి. మొదటి రోజు నేర్పే పాఠం అది. నా ఈల ఆగిపోయింది. మీరు ఎందుకు ఆగలేదు? మూడేళ్ళుగా అడగాలని ఉంది. అడిగితే ఊదలేదని ఒప్పుకున్నట్టే కదా, అందుకని అడగలేదు.

ఇదే సంగతి కంపెనీకి కూడా రాసి ఇచ్చాను. పెద్దాయన చదివి, కళ్ళజోడు తుడుచుకుని, "మూడేళ్ళా?" అన్నారు. తలవంచాను. మీ పేరు పక్కన రాసిన తప్పు కొట్టేస్తామన్నారు. నన్నేం చేస్తారో ఇంకా చెప్పలేదు.

మీరు ఏం రాసినా చదువుతాను.

హిసానో

*

నవంబరు 21

హొమ్మా గారికి,

మూడు వారాలు దాటింది. టపా అతను నా గుమ్మం ముందు స్కూటరు నెమ్మది చెయ్యడం కూడా మానేశాడు. జవాబు కోసం అడగడం లేదండీ. నాకు ఆ హక్కు లేదు. ఒక కబురు ఉంది, మొదట మీకే చెప్పాలనిపించింది, అంతే.

నిన్న డాక్టరమ్మ కాగితం చూపించారు. కఫంలో పురుగు పెరగలేదట. రెండేళ్ళలో ఇదే మొదటిసారి. సంబరపడకండి, ఇలాగే వరసగా రావాలి, ఆ తర్వాత కూడా ఇంకో ఏడాది మందులు తప్పవు అన్నారు. చెవులు నిలకడగా ఉన్నాయి. గొంతు మాత్రం రోజుకో తీరు. ఒకరోజు గుసగుస, ఒకరోజు అదీ లేదు. కంపెనీ నన్ను తీసెయ్యలేదు. కొత్త పిల్లలందరి ముందు ఆ రోజు జరిగింది జరిగినట్టు పలక మీద రాసి చెప్పమన్నారు. రాశాను. మూడు పలకలు పట్టింది. ఫుయుకా సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "అక్కా, నాకు జలుబు చేస్తే ముందే చెప్పేస్తాను," అంది. అదే పాఠం అన్నట్టు తలూపాను.

ఆసుపత్రి నుంచి నేరుగా కొండకి వెళ్ళాను. గాలికి మబ్బులన్నీ పోయి మీ దీవి మొత్తం కనిపించింది, కొండల మీద మంచుతో సహా. ముసలమ్మలు గుండ్రంగా కూర్చుని అన్నం ముద్దలు తింటున్నారు. నాకూ ఒకటి ఇచ్చారు. తింటూ దీవి వైపే చూస్తుంటే ఒకావిడ, "అక్కడెవరైనా ఉన్నారా?" అని అడిగింది. గొంతు ఉన్నా ఏం చెప్పేదాన్నో తెలియదు. మీరు నాకు కావాలండీ. ఈ వయసులో, ఈ ఊపిరితిత్తులతో, ఇంత తప్పు చేశాక అనాల్సిన మాట కాదు. కానీ కావాలి. పొద్దున మంచు పీల్చే పావుగంటా మిమ్మల్నే తలుచుకుంటాను. మిషను ఆగాక కూడా అలాగే కూర్చుంటాను. ఇది మీకు భారం కావాలని రాయడం లేదు. దాచిపెట్టడం ఒకసారి చేసి చూశాను కదా, నాకు అది చేతకాదు.

చలి పెరుగుతోంది. తోటలో పని ఎక్కువ పెట్టుకోకండి.

హిసానో

*

సాదో దీవి
నవంబరు 27

హిసానో,

నాకు రాయడం రాదని నీకు తెలుసు. ఈ కాగితం ఏడోది. మిగతా ఆరూ పొయ్యిలోకి పోయాయి.

నీ రెండో ఉత్తరం వచ్చాక చాలా కోపం వచ్చింది. మూడు రోజులు తోటలో కొమ్మలు నరికాను. మా తమ్ముడు వచ్చి, "అన్నా, చెట్లకి గుండు కొడుతున్నావా?" అని కత్తెర లాక్కున్నాడు. కోపం ఈల ఊదనందుకు కాదు. రక్తం పడేదాకా వచ్చిన దగ్గుతో నా బండి వెనక ఏడాదిపాటు నిలబడి, నాకు ఒక్క ముక్క చెప్పనందుకు. ఆ తర్వాత కోపం పోలేదు గానీ, ఇంకో సంగతి బయటికొచ్చింది. జవాబు ఆలస్యం అయింది అందుకే. నువ్వు అడిగావు కదా, ఎందుకు ఆగలేదని.

నేను కూడా ఆ గదిలో నిజం చెప్పలేదు. ఆగమనే ఈల వినపడలేదన్నాను. అది నిజమే. నేను విన్నది రమ్మనే ఈల. రెండు రెండుగా, ఎప్పుడూ నువ్వు ఊదినట్టే, చూరు తగిలేదాకా స్పష్టంగా విన్నాను. ఆ మాట చెబితే గైడు తప్పు సంకేతం ఇచ్చిందని నీ మెడకి చుట్టేవారు. అందుకని చెవుల మీదికి తోశాను. కానీ నువ్వు ఆగమని పొడుగ్గా ఊదానన్నావని తెలిసింది. నువ్వు అబద్ధమాడవని నాకు నమ్మకం. అంటే నువ్వు ఆగమంటే నాకు రమ్మని వినపడింది. దాంతో నాకు భయం పట్టుకుంది. ఆ వారమే దీవికి వచ్చి ఊళ్ళో డాక్టరు దగ్గర చెవులు చూపించుకున్నాను. కుర్రాడి చెవులయ్యా నీవి అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉన్నది వినపడకపోతే చెవుడు. లేనిది వినపడితే దాన్నేమంటారు? నలభైమందిని వెనకేసుకుని ఆ మనిషి బండి నడపొచ్చా? అందుకే టోపీ పెట్టేశాను. చెవుల కోసం కాదు.

మూడేళ్ళుగా నేను ఏ బండినీ వెనక్కి నడపలేదు. తమ్ముడి చిన్న ట్రక్కు నడుపుతాను. వెనక్కి తిప్పాల్సి వస్తే ముందుకే పోయి, ఊరంతా చుట్టి వస్తాను. పండ్ల సంఘంవాళ్ళు నవ్వుతారు. పెట్రోలు ఎక్కువైందా అంటారు. నవ్వనీ అని ఊరుకున్నాను.

ఇప్పుడు నువ్వు దగ్గుతో వంగిపోయాక అసలు ఏ ఈలా ఊదలేదని రాశావు. అది చదివి, మొన్న తెల్లారాక ట్రక్కు తీసి, వాకిట్లో వెనక్కి పోనిచ్చాను. కిటికీ దించి విన్నాను. వినపడింది. రెండు రెండుగా. బండి ఆపి, దిగి, వెనక్కి వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. మంచు పట్టిన గడ్డి ఉంది. అక్కడే నిలబడి, ముసలి వెధవని, ఏడ్చాను. నాకు పిచ్చి పట్టలేదు హిసానో. పంతొమ్మిదేళ్ళు రోజుకి పదిసార్లు నీ ఈలకి వెనక్కి వచ్చాను. నువ్వు ఆపేసినా నాలో అది ఆగలేదు. నువ్వు శబ్దం రానప్పుడు మీట నొక్కావని రాశావు చూడు, అది చదివాక కాస్త ధైర్యం వచ్చింది.

మా ఆవిడ సంగతి. ఆవిడ పోయింది నిజమే. నేను పక్కనే ఉన్నాను. అది నాకు కష్టమే గానీ, నష్టం అని ఎప్పుడూ అనుకోలేదు. నా తరఫున నువ్వు లెక్క వేసేసి, ఇల్లు వద్దు సీటు చాలు అనుకోవడం ఏం న్యాయం? నన్ను అడగాలి కదా. నీ మిషను ముక్కలు మరిగించడం నాకు రాదా? ముప్ఫై ఏళ్ళు ఇంజను విప్పి బిగించినవాణ్ణి.

ఇంత దాచినందుకు నిన్ను క్షమించడానికి చాలాకాలం పడుతుంది. దూరం నుంచి క్షమించడం నా వల్ల కాదు. దగ్గర ఉండి క్షమిస్తాను. ఇద్దరం దీవిలో ఉండాలా, నీ ఆసుపత్రి దగ్గర ఉండాలా అన్నది నీ డాక్టరమ్మని అడుగుదాం. ఆవిడ ఏమంటే అదే.

తోటలో పండ్ల కోత అయిపోయింది. వెళ్తున్నానని తమ్ముడితో చెప్పాను. ఈ ఉత్తరం రేపు పొద్దుటి పడవకి వెళ్ళి ఎల్లుండి నీకు అందుతుంది. ఆ మర్నాడు మొదటి పడవకి నేను వస్తున్నాను. వద్దు అనాలంటే ఫోన్ చేసి నోటితో అనాలి, ఉత్తరానికి వ్యవధి లేదు.

హొమ్మా